ఉప్పు గాలికి ఉక్కు బలి
పాంబన్ పాత వంతెనను పడగొట్టింది తుపాను కాదు, తుప్పు. కొత్త వంతెనకూ అదే పరీక్ష

1964 డిసెంబరు తుపాను పాంబన్ రైలు వంతెన గర్డర్లను చాలావరకు సముద్రంలో కలిపేసింది. ఇంజనీరు ఇ. శ్రీధరన్ బృందం 46 రోజుల్లో దాన్ని మళ్లీ నిలబెట్టింది. 2022 డిసెంబరులో అదే వంతెన మీద రైళ్లు ఆగిపోయినప్పుడు మాత్రం తుపానూ లేదు, ప్రమాదమూ లేదు. ఓడలకు దారి ఇచ్చేందుకు పైకి లేచే భాగాన్ని తుప్పు తినేసింది. 1914 నుంచి రామేశ్వరం దీవికి రైలును చేర్చిన వంతెన అలా చడీచప్పుడు లేకుండా విశ్రాంతి తీసుకుంది.

ఇనుము తుప్పు పట్టాలంటే ఆక్సిజన్, నీరు రెండూ కావాలి. గాలిలో తేమ 60 శాతం దాటిందంటే చాలు, లోహం మీద కంటికి కనిపించనంత పలుచని నీటి పొర చేరే అవకాశం పెరుగుతుంది. ఆ పొర కింద ఇనుప రేకు చిన్న బ్యాటరీలా మారుతుంది. ఒకచోట ఇనుము ఎలక్ట్రాన్లను వదిలి కరుగుతుంటే, పక్కనే ఆక్సిజన్ వాటిని అందుకుంటుంది. చివరికి మిగిలేది ఎర్రటి పొడి.

ఈ తంతుకు ఉప్పు తోడైతే ఇక చెప్పేదేముంది. అది నీటి పొరలో విద్యుత్తు సులువుగా పారేలా చేస్తుంది. అందులోని క్లోరైడు లోహాన్ని కాపాడే పొరను ఛేదిస్తుంది. పైగా తేమను పీల్చుకుంటుంది. వానాకాలం వంటింట్లో ఉప్పు డబ్బా చెమ్మగిల్లినట్టే, ఉప్పు పేరుకున్న గర్డరు కూడా వాన లేకపోయినా తడిగానే ఉంటుంది. దానికి ఎండ వేడి తోడైతే రసాయన చర్య మరింత జోరందుకుంటుంది. రెండు వైపులా సముద్రం, ఏడాది పొడవునా ఉక్కపోత, ఆగని గాలి ఉన్న పాంబన్‌లో ఇవన్నీ ఒకేచోట కలిశాయి.

విచిత్రమేమిటంటే, ఇక్కడ వాన శత్రువు కాదు. పైన పేరుకున్న ఉప్పును అది కడిగేస్తుంది. వాన చినుకు తాకని అడుగు భాగాలు, రివెట్ల సందులు, అతుకులే ముందుగా పాడవుతాయి. ప్రమాదం దాగేది తనిఖీ చేసే కన్ను తేలిగ్గా చేరని చోటే.

సముద్రానికి దూరంగా ఉన్న ఢిల్లీలో సుమారు 1,600 ఏళ్ల నాటి ఇనుప స్తంభం చెక్కుచెదరలేదు. ఆ ఘనత పొడి గాలి ఒక్కదానిదే కాదు. నాటి ఇనుములోని భాస్వరమే రక్షణ పొరను ఏర్పరిచిందని ఐఐటీ కాన్పూర్ శాస్త్రవేత్త ఆర్. బాలసుబ్రమణ్యం వివరించారు. కానీ తీరాన ఉన్న కోణార్క ఆలయంలోని ఇనుప దూలాలు తుప్పు పట్టాయి.

ఇది వంతెనలకే పరిమితమైన గొడవ కాదు. విశాఖ నుంచి మచిలీపట్నం దాకా తీర పట్టణాల్లో శ్లాబుల పెచ్చులూడి కడ్డీలు బయటపడటానికి ప్రధాన కారణాల్లో ఇదొకటి. తుప్పు ఇనుము కంటే ఎన్నో రెట్లు చోటు ఆక్రమిస్తుంది. లోపల ఉబ్బి కాంక్రీటును పగలగొడుతుంది. ఉప్పు కలిసిన ఇసుక, ఉప్పు నీరు వాడినా, కడ్డీల మీద కాంక్రీటు పలుచగా పోసినా పగుళ్లు ముందే వచ్చేస్తాయి. పైపైన సిమెంటు పూస్తే పగులు మాయమవుతుంది గానీ తుప్పు ఆగదు.

2025 ఏప్రిల్ 6న ప్రధాని నరేంద్ర మోదీ ప్రారంభించిన కొత్త పాంబన్ వంతెనలో 72.5 మీటర్ల భాగం నిలువునా పైకి లేస్తుంది. కాంక్రీటులో స్టెయిన్‌లెస్ స్టీల్ కడ్డీలు, ఉక్కుకు పాలీసైలోక్సేన్ రంగు వాడారు. అయినా ప్రారంభానికి ముందే, 2024 నవంబరులో, రైల్వే భద్రతా కమిషనర్ తుప్పు నివారణ ఏర్పాట్లను ప్రశ్నించారు.

ఆ ప్రశ్నకు సమాధానం ప్రారంభోత్సవంలో దొరకదు. ఏటేటా సందుసందునా చూసి, గీకి, రంగు వేసే పనిలోనే దొరుకుతుంది. సముద్రం సెలవు తీసుకోదు. మరమ్మతు ముఠా కూడా తీసుకోకూడదు.