తూకానికి పోతున్న తాతలనాటి కుట్టు మిషను

పాత ఇనుమూ కాదు, లంకెబిందే కాదు – కొనేవారూ అమ్మేవారూ తెలుసుకోవలసినవి

జగిత్యాల: "పాత ఇనుప సామాన్ కొంటాం, ప్లాస్టిక్ సామాన్ కొంటాం" అంటూ ట్రాలీ ఆటో మైకు వాడకట్టులో మోగితే చాలు, విరిగిన నాగలి కర్రు, సొట్టబోయిన బకెట్టు, చిల్లుపడిన గంగాళం గడప దాటి బయటకు వస్తాయి. వాటి వెంటే ఒక్కోసారి, మూలన గోనెపట్టా కప్పి ఉంచిన కాలితో తొక్కే కుట్టు మిషను కూడా వస్తుంది. "తుప్పు పట్టింది కదవ్వా, ఇంకేం జేసుకుంటవు" అని ఒక మాట అంటే బేరం కుదిరిపోతుంది. ఏళ్ళ తరబడి ఇంటిల్లిపాదికీ బట్టలు కుట్టి, ఇరుగుపొరుగు వారి రవికెలు కుట్టి, పిల్లల ఫీజులు కట్టిన మిషను పావుగంటలో పాత ఇనుమైపోతుంది.

ఇది ఒక నష్టం. దీనికి పూర్తిగా ఎదురు నష్టం మరొకటి ఉంది. పాత సింగర్ మిషను ఉంటే లక్షలు పలుకుతుందన్న వదంతి. మొదటిది నమ్మినవారు ఉన్నది పోగొట్టుకుంటారు. రెండవది నమ్మినవారు లేనిది కూడా అప్పు తెచ్చి పోగొట్టుకుంటారు. అసలు విలువ ఈ రెంటికీ నడుమ ఉన్నది.

సీమ నుంచి వాడకట్టుకు

కుట్టు మిషను పుట్టుక అంత సుఖంగా ఏమీ జరగలేదు. ఫ్రాన్సులో తిమొన్యే అనే దర్జీ మిషన్లు చేసి కార్ఖానా పెడితే, తమ పొట్ట కొడుతుందన్న భయంతో తోటి దర్జీలే 1831లో దానిని ధ్వంసం చేశారు. అమెరికాలో ఎలియాస్ హౌ 1846లోనూ, ఐజాక్ సింగర్ 1851లోనూ పేటెంట్లు పొందారు. అటు తరువాత సింగర్ కంపెనీ వాయిదాల పద్ధతిలో మిషన్లు అమ్మటంతో సామాన్యుల ఇళ్ళలోకి కూడా అది ప్రవేశించింది.

మన ప్రాంతాల్లో కనిపించే పాత సింగర్ మిషన్లలో అనేకం స్కాట్లండులోని క్లైడ్‌బ్యాంక్ కార్ఖానాలో తయారైనవి. 1880లలో మొదలైన ఆ కార్ఖానా 1980లో మూతపడింది. కలకత్తాలోని జయ్ ఇంజనీరింగ్ వర్క్స్ 1930లలో ఉషా మిషన్ల తయారీ చేపట్టాక స్వదేశీ మిషన్లు కూడా వచ్చాయి. యంత్రాల మోజును విమర్శించిన గాంధీజీ సైతం 1924లో సింగర్ కుట్టు మిషనును మాత్రం మినహాయించి మెచ్చుకున్నారన్నది గమనార్హం. మేర కులస్థుల దుకాణాల్లోనే కాక, ఆడపిల్ల సారెలో మంచం, బీరువాల సరసన కూడా కుట్టు మిషను చోటు సంపాదించింది.

నెంబరు చూస్తే వయస్సు తెలుస్తుంది

మిషను ఏనాటిదో చెప్పటానికి జ్యోతిష్యం అక్కర్లేదు. సింగర్ మిషనుకు కుడివైపున, చక్రం దగ్గరి ఇనుప పీఠంపై నెంబరు పోతపోసినట్టు చెక్కి ఉంటుంది. మసి, జిడ్డు తుడిస్తే బయటపడుతుంది. సాధారణంగా నెంబరు ముందు అక్షరమే లేకపోతే అది 1900కు ముందుది. ఒక అక్షరం ఉంటే 1900 తరువాతది. రెండు అక్షరాలుంటే సాధారణంగా ఇంకా తరువాతది. కంపెనీ నెంబర్ల జాబితాలు ఇంటర్నెట్టులో ఉన్నాయి. చదువుకున్న పిల్లలుంటే ఫోనులోనే ఏ సంవత్సరమో చూసి చెప్పగలరు.

అయితే పాతదైనంత మాత్రాన అపురూపమైనది కాదు. ఈ మిషన్లు లక్షల సంఖ్యలో తయారయ్యాయి. విలువ వయస్సును బట్టి కాక, అది ఇప్పుడు కుడుతున్నదా లేదా, భాగాలన్నీ ఉన్నాయా, మీది బంగారు రంగు పూలు చెదరకుండా ఉన్నాయా అన్నదానిని బట్టి ఉంటుంది.

కొనేముందు ఏం చూడాలి?

కొనబోయేవారు చేతిలో ఒక గుడ్డముక్క, దారపు రీలు పట్టుకుపోవటం మంచిది. మొదట బెల్టు తప్పించి చక్రాన్ని చేత్తో మనవైపుకు తిప్పి చూడాలి. మెత్తగా తిరిగితే సగం పరీక్ష నెగ్గినట్టే. బిగుసుకుపోయి ఉంటే బలవంతంగా తిప్పరాదు. చాలాసార్లు అది ఎండిపోయిన నూనె జిడ్డే గాని అరుగుదల కాదు.

తరువాత కింది పలక జరిపి బాబిన్ చూడాలి. గుండ్రటి బాబిన్, కేసు ఉన్న రకమైతే బెంగ లేదు. మన దేశపు మిషన్లు కూడా ఆ తీరువే గనుక టైలరింగ్ సామాన్ల దుకాణాల్లో విడిభాగాలు దొరుకుతాయి. సన్నగా పొడవుగా ఉండే బాబిన్, పడవ ఆకారపు షటిల్ ఉన్న రకం మరింత పాతది. షటిల్ పోయి ఉంటే దానిని వెతకటం గగనమే. కనుక అది లేని మిషనుకు ధర తగ్గించి అడగాలి.

పోత ఇనుములో ఎక్కడైనా పగులు ఉన్నదేమో వేలితో తడిమి చూడాలి. తుప్పు పోతుంది గాని, పగిలిన పోత ఇనుము అతకటం కష్టం. చివరగా గుడ్డముక్క మీద కుట్టి చూస్తే పైదారం, కిందిదారం ఒకే తీరుగా పడాలి.

పట్టణాల్లో ఈమధ్య ఇనుప స్టాండుకు గిరాకీ పెరిగింది. దాని మీద గ్రానైటు పలక వేసి భోజనాల బల్లగానో, చేతులు కడుక్కునే తొట్టి కిందనో అమరుస్తున్నారు. హెడ్డు మాత్రం తూకానికి పోతుంది. రెండూ కలిసి ఉంటేనే అది మిషను. విడదీసి అమ్మటం జోడెద్దుల్లో ఒకదానిని అమ్మినట్టే.

కొబ్బరినూనె వద్దు

ఇంట్లో ఉన్నదే కదా అని కొబ్బరినూనె, వంటనూనె పోయటం చాలామంది చేసే పొరపాటు. అవి కొద్దికాలానికే బంకలా మారి మిషనును పట్టేస్తాయి. బిగిసిన మిషనుకు ప్రతి రంధ్రంలో రెండు చుక్కల కిరోసిన్ వేసి, ఒకటి రెండు రోజులు నాననిచ్చి, మెల్లగా ముందుకూ వెనక్కూ కదిలించాలి. కదలిక వచ్చాక జిడ్డు తుడిచి, మిషను నూనె వేయాలి. పళ్ళ కింద ఏళ్ళ తరబడి పేరుకున్న నూలు దుమ్మును పాత బ్రష్షుతో తీయాలి. నల్లరంగు, పూలు ఉన్న చోట స్పిరిట్టు, గరుకు కాగితం తగలనీయరాదు. స్పిరిట్టుకు ఆ పూతే కరిగిపోతుంది.

లక్షల ఆశ

2009 ఏప్రిల్‌లో సౌదీ అరేబియాలో ఒక వింత జరిగింది. పాత సింగర్ మిషన్లలో 'ఎర్ర పాదరసం' ఉన్నదని, సెల్‌ఫోను దగ్గర పెడితే లైను తెగిపోతుందని వదంతి పుట్టింది. జనం ఎగబడి కొన్నారు. ధరలు ఆకాశాన్నంటాయి. అది వట్టి బూటకమని అక్కడి అధికారులే ప్రకటించారు. కుట్టు మిషనులో ఉండేది పోత ఇనుము, ఉక్కు, కాస్త కర్ర మాత్రమే. పాదరసంతో దానికి పనే లేదు.

గల్ఫ్‌కు ఇంటికొకరు వెళ్ళిన మన పల్లెలకు అక్కడి పుకారు చేరటం ఎంతసేపు? రైస్ పుల్లర్ చెంబుల పేరుతో తెలుగునాట జరిగిన మోసాలు అందరికీ తెలిసినవే. మిషను చూసి లక్షలిస్తామని, ముందుగా పరీక్ష ఖర్చులకు కొంత కట్టమని ఎవరైనా అడిగితే, వారు మిషను కోసం రాలేదు, మీ డబ్బు కోసం వచ్చారని గ్రహించాలి. వెంటనే పోలీసులకు చెప్పటం ఉత్తమం.

ట్రాలీ మైకు మళ్ళీ మోగినప్పుడు త్రాసు వైపు చూడకుండా, ముందు ఆ గోనెపట్టా తీసి చక్రం తిప్పి చూడండి. తిరగకపోతే కిరోసిన్ చుక్క, మెకానిక్కు చేయి ఉన్నాయి. కరెంటు లేని పూట కూడా కుట్టే మిషను అది. మీకు అక్కరలేకుంటే, కుట్టుపని నేర్చుకుంటున్న ఏ ఆడపిల్లకో న్యాయమైన ధరకు ఇవ్వండి. త్రాసులో ఒక్కసారి వచ్చే డబ్బుకన్నా, ఆ పెడలు మీద ఆమె రోజూ సంపాదించుకునేదే ఎక్కువ.