గోదావరి తీరము నుండి బుద్ధుని సన్నిధికి

వైశాఖ పూర్ణిమనాడు మన నాందేడులో ఇరుగుపొరుగువారు పలువురు తెల్లని వస్త్రములు ధరించి బుద్ధవిహారమునకు పోవుట మనము చూచుచునే యున్నాము. 1956వ సంవత్సరము అక్టోబరు 14వ తేదీన నాగపురమున డాక్టరు అంబేద్కరు చంద్రమణి భిక్షువు నొద్ద దీక్ష గైకొని, పిదప తన్ననుసరించిన లక్షలాది జనులకు తానే దీక్ష యొసగెను. నాటి నుండి మరాఠ్వాడాలో బౌద్ధము ఇరుగింటివారి మతమైనది. మన పిల్లలతో ఒకే బల్లపై కూర్చుండు పిల్లల ధర్మమేదో మనకు తెలియకుండుట తగదని తలచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మన యూరి ప్రక్కనే పారు గోదావరికిని బుద్ధునికిని గల సంబంధము మిక్కిలి ప్రాచీనమైనది. సుత్తనిపాతమను పాళీ గ్రంథము చివర ఒక కథ కలదు. కోసలదేశము నుండి వచ్చిన బావరి యను వృద్ధ బ్రాహ్మణుడు అశ్మక రాజ్యమున గోదావరి యొడ్డున ఆశ్రమము కట్టుకొని యుండెను. ఆ రాజ్యమునకు రాజధాని నేటి నిజామాబాదు జిల్లాలోని బోధన్ అని పలువురు చరిత్రకారుల అభిప్రాయము. ఆశ్రమ మున్న చోటు నిర్మల్ జిల్లాలోని బాదనకుర్తి లంక యని కొందరందురు. 1956 నవంబరు 1వ తేదీన రాష్ట్రములను విభజించువరకు నాందేడును బోధన్‌ను ఒకే హైదరాబాదు రాష్ట్రమున నుండినవి. ధర్మాబాదు వైపు చుట్టములున్నవారికి ఆ యూళ్లు నేటికిని పరాయివి కావు.

బావరి యజ్ఞము చేసి, ఉన్నదంతయు దానమిచ్చివేసిన పిమ్మట ఒక బ్రాహ్మణుడు వచ్చి ఐదువందల నాణెములు అడిగెను. లేవనగా, ఏడవనాడు నీ తల యేడు వ్రక్కలగునని శపించెను. పాపము, ఆ వృద్ధుడు తిండి మాని కృశించిపోయెను. అప్పుడొక దేవత కనిపించి, శపించినవాడు ధనాశ గల వంచకుడనియు, తల యననేమో వానికి తెలియదనియు, తెలిసినవాడు బుద్ధుడే యనియు చెప్పెను. బావరి తన పదునార్గురు శిష్యులను ఉత్తరమునకు పంపెను. వారు పైఠణము, మాహిష్మతి, ఉజ్జయిని, విదిశ, కౌశాంబి, శ్రావస్తి మీదుగా నడచి నడచి మగధలో బుద్ధుని కలిసికొనిరి.

బుద్ధుడు శాపనివృత్తికి మంత్రమేదియు ఉపదేశింపలేదు. అవిద్యయే తల యనియు, శ్రద్ధ, స్మృతి, సమాధి, సంకల్పము, వీర్యము తోడుగా గల విద్యయే ఆ తలను పగులగొట్టుననియు చెప్పెను.

క్రొత్తవారు ఈ సమాధానమును పట్టుకొన్న చాలును. తక్కినది దీని నుండియే తెలియవచ్చును. ముసలితనము, రోగము, మరణము, ప్రియమైనవారి యెడబాటు దుఃఖకరములు. ఆ దుఃఖము మనలను పీడించుటకు కారణము తృష్ణ. సర్వమును మారిపోవునదే యను సంగతిని చూడలేని అవిద్య ఆ తృష్ణను పెంచును. తృష్ణ యణగిన దుఃఖమును అణగును, దానినే నిర్వాణమందురు. అందులకు మార్గము కలదు. అది భోగలాలసకును శరీరమును హింసించుకొనుటకును నడుమ పోవు అష్టాంగమార్గము. ఎనిమిది పేర్లను పిల్లలచే వల్లింపజేయుట సులభమే గాని, వానిలో సమ్యగాజీవమను ఒక్కదానిని ఆలోచించుట మేలు. ఆయుధములు, ప్రాణులు, మాంసము, మద్యము, విషము అమ్మి బ్రదుకరాదని బుద్ధుడు గృహస్థులకు చెప్పెను. అనగా అంగడిలో త్రాసు పట్టువానికిని ధర్మముతో పనియున్నది.

విహారమున చెప్పుకొను పంచశీలములు ఆజ్ఞలు కావు. హింస, దొంగతనము, వ్యభిచారము, అసత్యము, మద్యపానము మానుదునని ఎవరికి వారు పూను నియమములు. బుద్ధుని, ధర్మమును, సంఘమును శరణు చొచ్చుట యనగా వరములు కోరుట గాదు; బుద్ధుడు దారి చూపిన గురువు, నడువవలసినవారము మనమే.

ఇక్కడ ఒక మాట. మన యిండ్లలో బుద్ధుని దశావతారములలో నొకనిగా చెప్పుట అలవాటు. మన పొరుగువారు దాని నంగీకరింపరు. అట్లు నమ్మననునది అంబేద్కరు చేయించిన ఇరువదిరెండు ప్రతిజ్ఞలలో నొకటి. మెచ్చుకోలుగానే యన్నను, వారి యెదుట ఆ మాట యనుట వారి నొప్పించును. ఇది తెలియక మనవారు పెద్ద మనసుతోనే పొరపడుచుందురు.

ఆ పదునార్గురిలో కడపటివాడు పింగియుడు. చూపు మందగించి, చెవులు సరిగా వినబడని ముదుసలి. అతడే గోదావరి యొడ్డునకు మరలివచ్చి, తాను విన్నది బావరికి విన్నవించెను. దేహము దుర్బలమై మరల అంత దూరము పోజాలకున్నను, తన మనస్సు బుద్ధుని విడిచి యుండుట లేదని గురువుతో చెప్పెను.