సీసా మీద చదవని లైన్

నాకు దగ్గొస్తే సిరప్ రెండు మూతలు తాగేసి ఆఫీసుకెళ్లిపోతాను. మొన్న రాత్రి అక్క కొడుకు, మూడేళ్లవాడు, ఆగకుండా దగ్గుతుంటే అదే సీసా తీసి అర మూత పోయబోయాను. "ఒరేయ్, ముందు దాని మీద ఏముందో చదువు!" అని అక్క చెయ్యి పట్టుకుంది. నాలుగేళ్లలోపు పిల్లలకు వాడరాదని ఉంది. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన మందులపై ఈ హెచ్చరిక వేయాలని కేంద్రం 2023లోనే ఆదేశించింది. రోజంతా కోడ్ లైన్ లైన్‌గా చదివే నేను, ఆ ఒక్క లైనూ చదవలేదు.

పొద్దున డాక్టరుగారు చెప్పారు: జలుబుతో వచ్చే దగ్గు చాలావరకు దానంతటదే తగ్గుతుంది. ఏడాది దాటిన పిల్లలకు అర చెంచా తేనె ఇవ్వొచ్చు. ఏడాదిలోపైతే అస్సలు వద్దు. డొక్కలు ఎగరేస్తుంటే మాత్రం వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. పెద్దవాళ్లకు దగ్గు రెండు వారాలు దాటితే టీబీ ఉందేమోనని కళ్లె పరీక్ష చేయించుకోవాలి, ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితం.

మీ ఇంట్లోనూ ఆ సీసా ఉందా? ఓసారి లేబుల్ చదవండి.