కంప్యూటరుకు చల్లని గాలి, మనకు నిశ్శబ్దము



కంప్యూటరు అను యంత్రము ఇప్పుడు పట్టణములకే పరిమితమైనది కాదు. పంచాయతీ కచేరీలోను, పాఠశాలలోను, పలువురి యిండ్లలోను అది చోటు చేసికొనినది. భూమి కాగితముల నకళ్ళకును, పిల్లల పరీక్షాఫలితములకును, దూరదేశములందున్న బిడ్డలతోను మనుమలతోను ముఖాముఖి మాటలాడుటకును పెద్దలు దాని దరికి పోవలసివచ్చుచున్నది. బల్లమీద నుంచు ఆ యంత్రము ప్రక్కన కూర్చుండినవారికి ఎడతెగక వినబడు రొద యొకటి గలదు. ఆ రొద ఎందువలన పుట్టుచున్నది, దానిని తగ్గించుటకు ఎట్టి ఫ్యానును ఏరుకొనవలెను అను విషయమును నేడు మీకు మనవి చేయదలచితిని.

ఇది మిక్కిలి చిన్న సంగతి యని మీలో కొందరికి తోపవచ్చును. కాని వయస్సు మీరినకొలదియు మన చెవి మొదట కోల్పోవునది సన్నని హెచ్చుస్థాయి ధ్వనులను. స, శ, త, క మొదలగు హల్లులను విడివిడిగా గుర్తింపజేయునవి ఆ ధ్వనులే. అందుచేతనే పెద్దలకు మాట వినబడును గాని, ఏమన్నారో తెలియదు. అట్టివారి చెంత ఒక యంత్రము నిరంతరము రొద చేయుచుండెనేని, తెలియు నాలుగు మాటలును తెలియకుండ పోవును.

నేనెఱిగిన యొక పల్లె గ్రంథాలయములో, సాయంకాలమున ఒకరు పత్రికను బిగ్గరగా చదువుచుండగా చూపు మందగించిన పెద్దలు చుట్టుచేరి వినుట వాడుక. ఆ గదిలోనే పిల్లల నిమిత్తము ఒక పాత కంప్యూటరును పెట్టిరి. వేసవి వచ్చుసరికి దాని ఫ్యాను రొద చదువరి గొంతును మింగివేసినది. యంత్రమును తీసివేయుడని పెద్దలు కొందరనిరి. పిల్లల చదువు చెడునని తక్కినవారనిరి. ఎవరో రొద వినబడకుండ యంత్రము వెనుకనున్న గాలిరంధ్రములకు గోనెపట్టా కప్పిరి. గంట తిరుగకముందే యంత్రము తనంత తానే ఆగిపోయినది. ఆ తగవులో ఇరుపక్షముల కోరికయు న్యాయమైనదే. ఆ రెండును నెరవేరు మార్గము గలదు. అదియే నా ప్రసంగమునకు సారము: గాలిని ఆపరాదు; పెద్ద ఫ్యానుతో మెల్లగా త్రిప్పవలెను.

ముందుగా వేడిమి సంగతి. కంప్యూటరు తీసికొను విద్యుత్తు దాదాపు అంతయు తుదకు వేడిగానే మాఱును. సామాన్యమైన కచేరీపని చేయు యంత్రము గట్టిగా పనిచేయునప్పుడు సుమారు 100 వాట్లు తీసికొనుననుకొందము. అది పూర్వకాలపు నూఱు వాట్ల బల్బు ఇచ్చు వేడికి సమానము. ఆ వేడిలో పెద్దభాగము ప్రాసెసరు అను చిన్న బిళ్ళనుండి పుట్టును. లెక్కలన్నియు చేయునది ఆ బిళ్ళయే. దాని వేడి 100 డిగ్రీల సెంటిగ్రేడు దరిదాపునకు చేరగానే అది తన వేగమును తానే తగ్గించుకొనును. ఇంకను హెచ్చినచో యంత్రము ఆగిపోవును. గోనెపట్టా కప్పినప్పుడు జరిగినది ఇదియే.

ఫ్యాను లేకుండ చేయరాదా యని మీరు అడుగవచ్చును. చేతిలోని ఫోనుకు ఫ్యాను లేదు గదా! నిజమే, అది తీసికొను విద్యుత్తు కొద్ది వాట్లు మాత్రమే. 1981లో ఐ.బి.ఎం. సంస్థవారు విడుదల చేసిన కంప్యూటరులోను ప్రాసెసరుకు ప్రత్యేకముగా ఫ్యాను లేదు. విద్యుత్తును మార్చి యిచ్చు పెట్టెకు మాత్రము ఒకటుండెడిది. బిళ్ళ బలము పెరిగినకొలది వేడియు పెరిగి, ప్రాసెసరుకే ఫ్యాను బిగింపవలసివచ్చినది. నిశ్శబ్దమునకై ఫ్యానును విడిచిపెట్టినవారును లేకపోలేదు. ఆపిల్ సంస్థవారు 1980లో ఆపిల్ 3 అను యంత్రమును ఫ్యాను లేకయే చేసిరి. లోపలి బిళ్ళలు వేడికి తమ గూళ్ళలో సడలుచున్నవని దానికి అపకీర్తి వచ్చినది. మరల 2000లో వారే, పొగగొట్టములో పొగవలె వేడిగాలి తనంత పైకిపోవునట్లు ఒక ఘనాకారపు యంత్రమును చేసిరి. మఱుసటియేడే దాని తయారీని నిలిపివేసిరి. బలమైన యంత్రమునకు గాలి కావలసినదే. ఎంత గాలి అనునదియే ప్రశ్న.

లెక్క వేసి చూతము. 100 వాట్ల వేడిని బయటికి గొనిపోవుచు, లోనికి వచ్చిన గాలికంటె బయటికి పోవు గాలి 10 డిగ్రీలు మాత్రమే వేడెక్కవలెనన్నచో, గంటకు సుమారు 30 ఘనమీటర్ల గాలి చాలును. అనగా పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తుగల గదిలోని గాలికంటె కొంచెము ఎక్కువ. గంట మొత్తమునకు ఇంతే! దీనికి రొద పుట్టించునంత వేగము అక్కఱలేదు.

మఱి రొద ఎచటినుండి వచ్చుచున్నది? తాటాకు విసనకఱ్ఱను తలచుకొనుడు. పెద్ద విసనకఱ్ఱను ఇల్లాలు మెల్లగా వీచినను ఒడలెల్ల చల్లబడును. అరచేయంత అట్టముక్కతో అంత గాలి రావలెనన్న వడివడిగా ఆడింపవలెను. చేయి నొచ్చును, చప్పుడును హెచ్చును. ఫ్యానులకును ఇదియే ధర్మము. ఒక ఫ్యాను వేగమును సగము చేసినచో గాలి సగమగును; రొద మాత్రము సుమారు 15 డెసిబెళ్ళు తగ్గును. డెసిబెలు అనునది ధ్వనిని కొలుచు మానము. టెలిఫోనుతో ప్రసిద్ధుడైన గ్రాహం బెల్ పేరిట ఏర్పడినది. 10 డెసిబెళ్ళు తగ్గిన ధ్వని మన చెవికి ఇంచుమించు సగమైనట్లు తోచును. ఒకే తీరు ఫ్యానులు రెండు కలిసి తిరిగినచో పెరుగు రొద 3 డెసిబెళ్ళు మాత్రమే. కావున ఒక ఫ్యానును పూర్తివేగమున త్రిప్పుటకు బదులు రెండింటిని సగము వేగమున త్రిప్పినచో, దాదాపు అంత గాలియే లభించును. రొద సుమారు 12 డెసిబెళ్ళు తగ్గును. ఈ లెక్కను గ్రహించినవారికి తక్కిన ఏరుకోలు సులభము.

మొదట చూడవలసినది కొలత. ఈ ఫ్యానులు చదరపు చట్రములో నుండును. చట్రము అంచు 80, 92, 120, 140 మిల్లీమీటర్లుగా అమ్ముదురు. 80 మిల్లీమీటర్ల దానికంటె 120 మిల్లీమీటర్ల చట్రపు వైశాల్యము రెండుంబాతిక రెట్లు. పెట్టెకు పట్టునంతలో పెద్దదానినే కొనుడు. కొనుటకు ముందు పాతదాని అంచును స్కేలుతో కొలిచి వ్రాసికొనిపొండు.

రెండవది ఇరుసు. కందెన ఎండిన బండియిరుసు ఎట్లు కిఱ్ఱుమనునో మీరు వినని దినము లేదు. ఫ్యాను ఇరుసు మూడు విధములు. సామాన్యపు స్లీవు బేరింగు చౌక. క్రొత్తలో నిశ్శబ్దముగ నుండును. వేడికి నూనె ఎండినపిమ్మట గొణుగును. గుండ్లపై తిరుగు బాల్ బేరింగు వేడికి ఓర్చి చిరకాలము మన్నును గాని, మెల్లని వేగమునను కొంచెము గరగర వినబడును. నూనెపొరపై ఇరుసు తేలునట్లు చేసిన ఫ్లూయిడ్ బేరింగు మూడవది. నిశ్శబ్దమును మన్నికయు రెండును గలది. వెల కొంత హెచ్చైనను మన వేసవికి దీనిని కోరుట మేలు.

మూడవది తీగెలు. మూడు తీగెల ఫ్యాను వేగమును తగ్గింపవలెనన్న దానికి పోవు వోల్టేజినే తగ్గింపవలెను. మరీ తగ్గినచో అది కదలకయే నిలిచిపోవును. నాలుగు తీగెల ఫ్యానుకు నాలుగవ తీగె ద్వారా క్షణమునకు 25,000 సంకేతములు పోవును. వానిని బట్టి ఫ్యాను తన వేగమును మార్చుకొనును. మనుష్యుని చెవి క్షణమునకు 20,000 కంపనములకు మించిన ధ్వనిని వినలేదు గనుక, ఆ సంకేతములవలన క్రొత్త రొద పుట్టదు. యంత్రము చల్లగా నున్నప్పుడు మెల్లగా, వేడెక్కినప్పుడు వడిగా తిరుగుటకు నాలుగు తీగెలదే తగినది.

నాలుగవది ఱెక్కల తీరు. ధాన్యమును తూర్పారబట్టుటకు విశాలమైన మెత్తని గాలి కావలెను; కమ్మరి కొలిమికి ఇఱుకుదారిని చొచ్చుకొనిపోవు బలమైన గాలి కావలెను. ఈ ఫ్యానులలోను ఆ రెండు జాతులు గలవు. యంత్రము వెనుక, అడ్డులేనిచోట మొదటి జాతి చాలును. ముందుభాగమున దుమ్మును ఆపు జల్లెడ వెనుకను, ప్రాసెసరుపైనున్న ఇఱుకురేకుల మీదను గాలిని ఒత్తిడితో నెట్టు రెండవ జాతిని పెట్టవలెను. తగని జాతిని పెట్టినచో రొద యుండును, గాలి యుండదు.

ఇక పెట్టెమీది అంకెలు. ఆస్ట్రియాదేశపు నాక్ట్యువా సంస్థవారు 2018లో విడుదల చేసిన 120 మిల్లీమీటర్ల ఫ్యాను ఒకటి గలదు. అది నిమిషమునకు 2,000 చుట్లు తిరిగి, గంటకు 102 ఘనమీటర్ల గాలిని 22.6 డెసిబెళ్ళ రొదతో తోలునని వారి ప్రకటన. ఱెక్క కొసకును చట్రమునకును నడుమ అరమిల్లీమీటరు మాత్రమే సందు విడిచిరి. ఇది కొనుడని నేను చెప్పుటలేదు. దాని వెల సామాన్యపు ఫ్యానులకంటె చాల హెచ్చు. పెట్టెమీద ఏయే అంకెలు చూడవలెనో తెలుపుటకే చెప్పితిని. 102 ఘనమీటర్లనునది ఎదుట ఏ అడ్డును లేనప్పటి లెక్క. యంత్రములో బిగించినపుడు అది చాల తగ్గును. అయినను మనకు కావలసిన 30కి మెల్లని వేగమే సరిపోవును. మఱియొక హెచ్చరిక. ఒక సంస్థ చెప్పిన డెసిబెళ్ళను వేఱొక సంస్థ చెప్పినవానితో నేరుగా పోల్చరాదు. ఎంత దూరమునుండి, ఎట్టి గదిలో కొలిచిరను దానినిబట్టి అంకె మాఱును.

మన దేశపు ఎండను మఱువరాదు. ప్రాసెసరు వేడి గదిలోని వేడిమీద లెక్కింపబడును. 20 డిగ్రీల గదిలో 60 డిగ్రీలకు చేరు బిళ్ళ, అంతే గాలితో 40 డిగ్రీల గదిలో 80కి చేరును. రెంటచింతలలోను రామగుండములోను మే మాసపు మధ్యాహ్నము ఎట్లుండునో మీకు నేను చెప్పనక్కఱలేదు. కావున ఎల్లప్పుడును మెల్లగానే తిరుగు ఫ్యానును కొనరాదు. సంక్రాంతికి నిమిషమునకు 600 చుట్లతో సరిపెట్టుకొని, రోహిణీకార్తెలో 1,500 వఱకు లేవగలదానిని కొనవలెను. ఏ వేడికి ఎంత వేగమో నిర్ణయించుటకు, యంత్రము మేల్కొనునప్పుడు తెఱచు బయాస్ అను అమరికల పుటలో ఏర్పాటున్నది. దానిని మీ మనుమలచేతనో, మెకానిక్కుచేతనో చేయింపుడు.

క్రొత్తది కొనుటకు ముందు చేయవలసిన పని యొకటి గలదు. అన్ని యంత్రములకును క్రొత్త ఫ్యాను అక్కఱలేదు. తఱచు దుమ్మే దోషి. దుమ్ము పేరుకొన్నచో గాలి సాగక వేడి హెచ్చును. వేడి హెచ్చుటచేత ఫ్యాను వడి హెచ్చును. ఆ వడియే రొద. ప్లగ్గును గోడనుండి ఊడబెఱికి, ప్రక్క రేకును తీసి, మెత్తని కుంచెతో దుమ్మును దులుపుడు. గాలిమరతో ఊదునప్పుడు ఱెక్కను వ్రేలితో ఆపి పట్టుకొనవలెను. పవర్ సప్లయి అను ఇనుపపెట్టెను మాత్రము ఎన్నటికిని విప్పరాదు. ప్లగ్గు తీసిన తరువాతను దానిలో విద్యుత్తు నిలిచియుండును. రొద ఆ పెట్టెలోనిదే యైనచో మెకానిక్కునకు అప్పగింపుడు. ఏ ఫ్యాను రొద చేయుచున్నదో తెలియనిచో, యంత్రపు మూత తీయకయే, కాగితమును గొట్టముగా చుట్టి ఒక కొస చెవికిని రెండవ కొస యంత్రము వైపునకును పెట్టి వినుడు.

బిగించునప్పుడు గాలిదారిని చూడుడు. ముందు క్రిందిభాగమునుండి చల్లగాలి లోనికి రావలెను. వెనుక పైభాగమునుండి వేడిగాలి పోవలెను. గాలి ఏ వైపునకు పోవునో తెలుపు బాణపుగురుతు పలు చట్రములపై నుండును. ఇనుపమరలకు బదులు రబ్బరు మేకులతో బిగించినచో అదురు రేకునకు ప్రాకదు. యంత్రమును గోడకు ఆనించి పెట్టకుడు. దానికిని ఊపిరి యాడవలెను.

మంచి గృహస్థు ఇల్లు కట్టునప్పుడు గాలికి దారి విడిచియే గోడ లేపును. ఈ యంత్రమునకును అంతే. పెద్ద ఫ్యాను, మెల్లని నడక, మంచి ఇరుసు, దుమ్ములేని దారి, ఈ నాలుగును అమరినచో యంత్రము చల్లగా నుండును. ఒకే గదిలో పిల్లవాని చదువును సాగును, పెద్దల చెవికి మాటయు అందును.