టేకోవర్ పుకారు నిజమే అయినా నష్టం ఎందుకు వస్తుంది? ఐబీఎం, సన్ కథలో ఉన్న లెక్క

"ఫలానా కంపెనీని దాని పోటీ కంపెనీ కొనేస్తోందట. ఇప్పుడే షేర్లు తీసుకోండి, రేపటికి డబుల్ అవుతాయి." వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపుల్లో ఇలాంటి మెసేజ్‌లు తిరుగుతూనే ఉంటాయి. చాలాసార్లు అది పచ్చి అబద్ధం. కొన్నిసార్లు మాత్రం తెర వెనుక నిజంగానే చర్చలు నడుస్తుంటాయి. అసలు చిక్కు అక్కడే ఉంది. పుకారు నిజమైనా సరే, దాన్ని నమ్మి కొన్నవాళ్లు నష్టపోయే అవకాశం ఉంది. అదెలాగో తెలియాలంటే 2009లో అమెరికాలో ఐబీఎం, సన్ మైక్రోసిస్టమ్స్ అనే రెండు పోటీ కంప్యూటర్ కంపెనీల మధ్య ఏం జరిగిందో చూడాలి.

ఎవరీ సన్?

సన్ మైక్రోసిస్టమ్స్ 1982లో మొదలైంది. దాన్ని స్థాపించిన నలుగురిలో ఢిల్లీ ఐఐటీలో చదివిన వినోద్ ఖోస్లా ఒకరు. పెద్ద కంపెనీలు, బ్యాంకులు వాడే ఖరీదైన సర్వర్ కంప్యూటర్లు తయారు చేయడం దీని వ్యాపారం. మనవాళ్లకు మాత్రం సన్ వేరే రకంగా తెలుసు. హైదరాబాద్ అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో వేలమంది నేర్చుకుని ఉద్యోగాలకు వెళ్లిన జావా, సన్ కంపెనీ 1995లో విడుదల చేసిందే.

2000 తర్వాత డాట్‌కామ్ బుడగ పేలిపోయింది. చౌక సర్వర్లు మార్కెట్లోకి వచ్చాయి. సన్ అమ్మకాలు దెబ్బతిన్నాయి. 2008లో ఆర్థిక సంక్షోభం రావడంతో పరిస్థితి ఇంకా దిగజారింది. ఆ ఏడాది నవంబర్‌లో 5,000 నుంచి 6,000 ఉద్యోగాలు తీసేస్తామని కంపెనీ ప్రకటించింది. 2009 మార్చి 17న సన్ షేరు ధర 4.97 డాలర్లు.

ఒక్క వార్త, 79 శాతం పెరుగుదల

మార్చి 18 ఉదయం, మార్కెట్ తెరవకముందే వాల్‌స్ట్రీట్ జర్నల్ ఒక వార్త ఇచ్చింది. సన్‌ను కొనడానికి ఐబీఎం చర్చలు జరుపుతోందని, కనీసం 6.5 బిలియన్ డాలర్లు ఇవ్వవచ్చని దాని సారాంశం. రెండు కంపెనీలూ అవునని చెప్పలేదు, కాదని చెప్పలేదు. అయినా ఆ రోజు సాయంత్రానికి సన్ షేరు 8.89 డాలర్లకు చేరింది. ఒక్కరోజులో 79 శాతం!

ఎందుకంత పెరిగింది? ఒక కంపెనీని మొత్తంగా కొనాలంటే దాని షేర్‌హోల్డర్లు ఒప్పుకోవాలి. మార్కెట్లో ఉన్న రేటుకే ఇమ్మంటే ఎవరూ ఇవ్వరు. అందుకే కొనేవాళ్లు పైన కొంత ఎక్కువ కలిపి ఇస్తారు. దాన్నే ప్రీమియం అంటారు. పుకారు రాగానే ఆ రాబోయే ప్రీమియం మీద ఆశతో అందరూ ఒకేసారి కొనడానికి ఎగబడతారు. ఊరి పక్క నుంచి రింగ్ రోడ్డు వస్తుందట అనగానే, సర్వే కూడా కాకముందే ప్లాట్ల రేట్లు పెరగడం మనం చూస్తూనే ఉంటాం. ఇదీ అలాంటిదే.

పోటీ కంపెనీల మధ్య డీల్ అయితే ఇంకో చిక్కు ఉంటుంది. సర్వర్ల మార్కెట్లో ఐబీఎం, సన్ రెండూ పెద్దవే. రెండూ ఒకటైతే పోటీ తగ్గి, కొనేవాళ్లకు రేట్లు పెరుగుతాయని ప్రభుత్వాలు అభ్యంతరం పెట్టవచ్చు. అంటే చర్చలు నిజమే అయినా డీల్ పూర్తవుతుందన్న గ్యారంటీ లేదు.

చెడిపోయిన బేరం

అదే జరిగింది. ఏప్రిల్ 5న చర్చలు తెగిపోయాయని వార్త వచ్చింది. లెక్కలన్నీ పరిశీలించాక ఐబీఎం షేరుకు 9.40 డాలర్ల దగ్గర ఆగిందని, ప్రభుత్వ అనుమతులు వచ్చేదాకా వెనక్కి తగ్గబోమన్న గట్టి హామీని సన్ కోరిందని అప్పట్లో పత్రికలు రాశాయి. మర్నాడు సన్ షేరు 22 శాతానికి పైగా పడి 6.60 డాలర్ల దగ్గరికి వచ్చింది.

అక్కడికి రెండు వారాలకు, ఏప్రిల్ 20న, ఎవరూ ఊహించని ఒరాకిల్ రంగంలోకి దిగింది. షేరుకు 9.50 డాలర్ల నగదు, మొత్తం 7.4 బిలియన్ డాలర్లు ఇస్తామని ప్రకటించింది. ఇది పుకారు కాదు, రెండు కంపెనీలూ ఒప్పుకున్న ఒప్పందం. అయినా యూరోపియన్ కమిషన్ అభ్యంతరాలతో ఆలస్యమై, 2010 జనవరి 27న గానీ పూర్తి కాలేదు. ఈలోగా కస్టమర్లు ఆలోచనలో పడ్డారు, పోటీ కంపెనీలు వాళ్లను తమవైపు లాగడం మొదలుపెట్టాయి. సన్ నెలకు 100 మిలియన్ డాలర్లు నష్టపోతోందని ఒరాకిల్ అధిపతి లారీ ఎలిసన్ అన్నారు. 2009 అక్టోబర్‌లో మరో 3,000 ఉద్యోగాల వరకు తీసేస్తున్నట్టు సన్ ప్రకటించింది.

ముగ్గురి లెక్క

ఇప్పుడు ముగ్గురు మనుషులను ఊహించుకుందాం. ముగ్గురి దగ్గరా 100 సన్ షేర్లే. పన్నులు, బ్రోకర్ కమీషన్లు పక్కన పెడదాం.

మొదటివాడి దగ్గర పుకారుకు ముందు నుంచే షేర్లు ఉన్నాయి. మార్చి 17న వాటి విలువ 497 డాలర్లు. చివరికి 950 డాలర్లు చేతికి వచ్చాయి. లాభం 453.

రెండోవాడు వార్త చూసి, మార్చి 18న 889 డాలర్లు పెట్టి కొన్నాడు. ధర పడినా భయపడకుండా పది నెలలు ఆగాడు. లాభం 61 డాలర్లు మాత్రమే. అది కూడా ఒరాకిల్ వచ్చింది కాబట్టి. రాకపోయుంటే అదీ లేదు.

మూడోవాడు కూడా అదే 889 పెట్టి కొన్నాడు. ఏప్రిల్ 6న భయపడి 660కి అమ్మేశాడు. నష్టం 229 డాలర్లు.

4.97 నుంచి 9.50కి జరిగిన మొత్తం పెరుగుదలలో దాదాపు 87 శాతం ఆ మొదటి రోజే అయిపోయింది. అంటే వార్త సామాన్యుడి చెవిన పడేసరికి లాభంలో సింహభాగం ధరలో కలిసిపోయింది. తర్వాత వచ్చినవాళ్లకు మిగిలింది కొంచెం లాభం, చాలా రిస్క్.

ముందే తెలిసినవాళ్ల సంగతి

మరి వార్త రాకముందే తెలిసినవాళ్లు? 2009 అక్టోబర్‌లో ఐబీఎం సీనియర్ వైస్ ప్రెసిడెంట్ రాబర్ట్ మోఫట్ అరెస్టయ్యారు. కొనుగోలు పరిశీలన సమయంలో తెలిసిన సన్ లెక్కల సమాచారాన్ని ఒక హెడ్జ్ ఫండ్ ఉద్యోగికి చేరవేశారన్నది ఆరోపణల్లో ఒకటి. 2010లో ఆయన నేరం ఒప్పుకున్నారు. ఆరు నెలల జైలు పడింది. రాజ్ రాజరత్నం అరెస్టుతో బయటపడిన గ్యాలియన్ ఇన్‌సైడర్ ట్రేడింగ్ కేసుల్లో ఇదొక భాగం.

అంటే "లోపలి సమాచారం" అని ఎవరైనా చెబితే రెండే అవకాశాలు. అది అబద్ధమైతే డబ్బు పోతుంది. నిజమైతే దాంతో వ్యాపారం చేయడం నేరం. మన దేశంలో కూడా సెబీ నిబంధనల ప్రకారం బయటికి రాని కీలక సమాచారంతో షేర్లు కొనడం, అమ్మడం నిషేధం.

మన దగ్గర రూల్ ఏంటి?

ఐబీఎం, సన్‌ల మాదిరిగా నోరు మెదపకుండా కూర్చోవడం ఇప్పుడు మన పెద్ద కంపెనీలకు కుదరదు. ప్రధాన మీడియాలో పుకారు వచ్చి షేరు ధర గణనీయంగా కదిలితే, 24 గంటల్లోగా అవుననో, కాదనో, వివరణో ఇవ్వాలి. ఈ సెబీ నిబంధన 2024 జూన్ 1 నుంచి టాప్ 100 లిస్టెడ్ కంపెనీలకు, 2024 డిసెంబర్ 1 నుంచి టాప్ 250 కంపెనీలకు అమల్లోకి వచ్చింది. చిన్న కంపెనీలకు ఈ గడువు నిబంధన వర్తించదు. గ్రూపుల్లో టిప్స్ ఎక్కువగా తిరిగేది అలాంటి చిన్న షేర్ల మీదే అన్నది గుర్తుంచుకోవాలి.

ఇంకో రూల్ కూడా తెలిసి ఉండాలి. లిస్టెడ్ కంపెనీలో ఎవరైనా 25 శాతం వాటాకు చేరితే, మిగతా షేర్‌హోల్డర్ల నుంచి కనీసం మరో 26 శాతం కొంటామని ఓపెన్ ఆఫర్ ఇవ్వాలి. కాబట్టి డీల్ నిజమైతే చిన్న షేర్‌హోల్డర్‌కు కూడా ఆఫర్ రేటుకు అమ్ముకునే అవకాశం చట్టప్రకారమే వస్తుంది. అతను పుకారు వెంట పరిగెత్తాల్సిన పని లేదు.

మెసేజ్ వస్తే ఏం చేయాలి?

ముందు బీఎస్‌ఈ, ఎన్‌ఎస్‌ఈ వెబ్‌సైట్లలో ఆ కంపెనీ ప్రకటనలు చూడాలి. అక్కడ ఏమీ లేకపోతే అది ఇంకా పుకారే. తర్వాత గత వారంలో షేరు ఎంత పెరిగిందో చూడాలి. ఇప్పటికే బాగా పెరిగి ఉంటే, డీల్ చెడితే ఎంతకు పడుతుందో లెక్క వేసుకోవాలి. సన్ విషయంలో అది ఒక్కరోజులో 22 శాతం. ఆ నష్టం తట్టుకోలేని డబ్బు, అంటే పిల్లల ఫీజు కోసమో, పెళ్లి ఖర్చు కోసమో దాచింది, లేదా అప్పు తెచ్చింది అయితే ఆ షేరు జోలికి పోకపోవడమే మంచిది.