గర్భాశయమందు దాగియుండు క్షయ



క్షయ యనగానే మనకు దగ్గు, జ్వరము, నెత్తురు కలిసిన కఫము జ్ఞప్తికి వచ్చును. అయితే దగ్గు లేకయే స్త్రీ పొత్తికడుపులో దాగియుండు క్షయయు కలదు. కౌలా సెలంగోరు తోటల కుటుంబములవారు దీనిని తెలిసికొనుట అవసరము. ఏలయన, పెండ్లియై కొన్నియేండ్లు గడచినను సంతు కలుగని కోడలిని గొడ్రాలని నిందించుట మనలో చిరకాలపు వాడుక. అట్లు నిందింపబడిన వారిలో కొందరు నిజముగా రోగులై యుందురు.

ఈ వ్యాధి క్రొత్తది కాదు. 1744 లో ఇటలీ దేశపు వైద్యుడు మోర్గాగ్ని, మరణించిన యొక యువతి దేహమును పరిశోధించి, గర్భాశయమునందును దాని గొట్టములందును క్షయ వ్యాపించియుండుట కనుగొనెను. క్షయకు కారణమైన క్రిమిని 1882 మార్చి 24 వ తేదీన జర్మనీ వైద్యుడు రాబర్టు కోకు లోకమునకు ప్రకటించెను. ఆ క్రిమి సాధారణముగా మొదట ఊపిరితిత్తులలో ప్రవేశించి, రక్తము ద్వారా గర్భాశయపు గొట్టములను చేరి, పిమ్మట గర్భాశయపు లోపొరకు ప్రాకును. గొట్టములు వాచి మూసికొనిపోయినచో గర్భము కలుగదు. కొందరికి ముట్టు తగ్గుట లేక నిలిచిపోవుట, పొత్తికడుపు నొప్పి, సన్నజ్వరము కలుగును. మరికొందరికి సంతులేమి తప్ప వేరు గుర్తే యుండదు.

అట్లయిన దీనిని కనుగొనుట యెట్లు? కఫములో క్రిమి కనబడకపోవచ్చును. రొమ్ము ఎక్స్‌రేలో ఏ దోషమును లేకపోవచ్చును. అంతమాత్రమున రోగము లేదనరాదు. చేతిమీది సూదిపరీక్షలో చర్మము వాచినను, క్రిమి ఎప్పుడో దేహమున చేరెనని మాత్రమే తెలియును. కావున, గర్భము లేదని నిశ్చయించుకొని, ముట్టు రాబోవు దినములలో వైద్యులు గర్భాశయపు లోపొరనుండి చిన్న తునకను తీయుదురు. దానిని సూక్ష్మదర్శినితో చూతురు. అందలి క్రిమిని పెంచి చూచుటకు కొన్ని వారములు పట్టును. జీన్ ఎక్స్‌పర్టు అను యంత్రము కొన్ని గంటలలోనే ఫలితము తెలుపును. అవసరమైనచో మత్తు ఇచ్చి, బొడ్డు చెంత చిన్న రంధ్రము చేసి, సన్నని గొట్టముతో లోపల చూతురు. ఈ చోట క్రిములు కొద్దిగా నుండుటచే ఒక్క పరీక్షలో కనబడలేదని నిశ్చింతగా నుండరాదు. గుర్తులన్నియు కలిపి చూచియే వైద్యులు నిర్ణయింతురు.

నిర్ణయమైన పిమ్మట మందులు సామాన్యముగా ఆరు నెలలు: మొదటి రెండు నెలలు నాలుగు విధములవి, తరువాతి నాలుగు నెలలు రెండు విధములవి. ఊపిరితిత్తుల క్షయరోగులు ఇంటనే యుండి మందులు పుచ్చుకొన్నను, ఆసుపత్రిలో నున్నవారివలెనే బాగుపడుదురని 1959 లో వెలువడిన మదరాసు పరిశోధన చూపెను. కావున క్షయ యని తెలియగానే స్త్రీని పుట్టింటికి పంపివేయనక్కరలేదు.

ఒక సత్యమును దాచరాదు. గొట్టములు చెడినచో, రోగము కుదిరినను అందరికి సంతానము కలుగదు. కొందరికి గర్భము గొట్టములోనే నిలిచి ప్రాణాపాయము తెచ్చును. కావుననే ఆలస్యము కూడదు.

భర్తలారా, సంతులేమికి మీ దేహమందలి లోపమును కారణము కావచ్చును. ఇరువురును కలిసి పరీక్షకు పొండు. ఈ జిల్లాలో తంజోంగ్ కారంగునందు ప్రభుత్వ ఆసుపత్రి కలదు. ఇంటిలో ఎవరికైన పూర్వము క్షయ వచ్చియుండినచో ఆ సంగతి వైద్యునికి తప్పక చెప్పుడు. అత్తలారా, కోడలిని నిందించుటకు ముందు ఆమెను వైద్యునియొద్దకు తోడుకొని పొండు.