అంతర్జాలంలో ఉద్యోగాన్వేషణ: వెతికే మాట, నింపే వివరం, కట్టకూడని రుసుము

బెంగళూరులో ఉద్యోగ ప్రకటన ఇప్పుడు కర్మాగారపు గేటు కంటె ముందుగా ఫోను తెరపై కనబడుతోంది. అయినా నెలల తరబడి వెతికి విసిగిపోతున్న తెలుగువారు ప్రతి వీధిలోనూ ఉన్నారు. చాలా సందర్భాలలో లోపం అర్హతలో లేదు, వెతికే మాటలో ఉంది. "బెంగళూరులో కంపెనీ పని" అని వెతికితే వందలాది ప్రకటనలు కుప్పపోసినట్లు వస్తాయి. "సి.ఎన్.సి. ఆపరేటర్, పీణ్య" అని వెతికితే పది వస్తాయి, వాటిలో పనికివచ్చేవి నాలుగైనా ఉంటాయి. వృత్తి పేరును యజమాని వాడే మాటలోనే వ్రాయాలి. ప్రాంతం పేరు చేర్చడం కూడా అంతే ముఖ్యం. యశ్వంతపురంలో కాపురముండి బొమ్మసంద్రలో పనికి కుదిరినవారికి జీతంలో కొంత, రోజులో మూడు నాలుగు గంటలు ప్రయాణానికే పోతాయి.

చదువు వివరాల వద్ద మరొక చిక్కు ఉంది. ఆంధ్ర, తెలంగాణలలో ఇంటర్మీడియట్ అనే చదువును కర్ణాటకలో పి.యు.సి. అంటారు. పదవ తరగతి ధ్రువపత్రం అక్కడ ఎస్.ఎస్.సి., ఇక్కడ ఎస్.ఎస్.ఎల్.సి. దరఖాస్తులో తన మాట కనబడక "ఇతరములు" అని గుర్తించిన అభ్యర్థిని, పి.యు.సి. చదివినవారి కోసం జల్లెడ పట్టే యజమాని చూడనే చూడడు. అటువంటి చోట పి.యు.సి. లేదా పన్నెండవ తరగతి అనే గడిని ఎంచుకొని, చదివిన బోర్డు పేరు స్పష్టంగా వ్రాయాలి.

పేరు విషయం ఇంకా సున్నితమైనది. తెలుగువారికి ఇంటిపేరు ముందు వస్తుంది, దరఖాస్తులు దానిని చివర అడుగుతాయి. ధ్రువపత్రంలో పూర్తి ఇంటిపేరు, ఆధార్‌లో పొడి అక్షరం, దరఖాస్తులో మరొక వరుస ఉంటే పత్రాల పరిశీలనలో ఆటంకం కలుగుతుంది. ఉద్యోగం వచ్చిన తరువాత భవిష్యనిధి ఖాతాలోనూ అదే తేడా కొనసాగి, సొమ్ము తీసుకొనే వేళకు తలనొప్పిగా మారుతుంది. దరఖాస్తులకు ముందే ఆధార్‌ను ధ్రువపత్రంతో సరిచూసుకోవడం మేలు.

భాషల గడిని ఖాళీగా వదలడం పెద్ద పొరపాటు. తరతరాలుగా ఇక్కడ స్థిరపడినవారికి కన్నడం నోటికి వచ్చినదే, కాని దానిని అర్హతగా వ్రాయాలని తోచదు. తెలుగు కూడా ఈ నగరంలో జీతం తెచ్చే భాషే. "తెలుగు ప్రాసెస్" అని వెతికితే తెలుగు వినియోగదారులతో ఫోనులో మాట్లాడే ఉద్యోగాలు కనబడతాయి.

కేంద్ర కార్మిక మంత్రిత్వశాఖ 2015లో ప్రారంభించిన నేషనల్ కెరీర్ సర్వీస్‌లో నమోదు ఉచితం. కర్ణాటక ప్రభుత్వపు స్కిల్ కనెక్ట్ కూడా ఉంది. ప్రైవేటు వేదికలలో ప్రకటనలను తేదీ వరుసన చూడాలి, నెల దాటినవాటిపై కాలం వెచ్చించడం దండుగ. నచ్చిన ప్రకటన ఆ సంస్థ సొంత వెబ్‌సైటులో ఉన్నదో లేదో చూసి, వీలైతే అక్కడే దరఖాస్తు చేయాలి. ఊరు మారి సిమ్ మార్చినవారు పాత నంబరును తొలగించకపోతే ఇంటర్వ్యూ పిలుపు ఎవరికో పోతుంది.

ఇక డబ్బు సంగతి. నమోదు రుసుమని, ల్యాప్‌టాప్ ధరావతు అని, యూనిఫారం ఖర్చని, పేరేదైనా సరే, ఉద్యోగమిచ్చే ముందు సొమ్ము అడిగే వారిని నమ్మరాదు. వీడియోలకు లైకు కొడితే చాలునని మొదట రెండు మూడు వందలు నిజంగానే పంపి, ఆపై వేలు కట్టమనే ముఠాలున్నాయి. ఆ తొలి చెల్లింపే వారి ఎర. సొమ్ము స్వీకరించడానికి యు.పి.ఐ. పిన్ అవసరం లేదు. పిన్ అడిగారంటే డబ్బు పోయేది అభ్యర్థి ఖాతా నుండే. విదేశీ ఉద్యోగమైతే ఏజెంటు పేరు కేంద్ర ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ జాబితాలో ఉండాలి. చట్టప్రకారం అతడు తీసుకోదగిన సేవారుసుము 30,000 రూపాయలు, దానిపై జి.ఎస్.టి. మాత్రమే. కువైట్ వీసా పేరిట కడప ప్రాంతపు కుటుంబాలు పొలం తాకట్టు పెట్టే ముందు చూడవలసిన జాబితా అది.

మోసపోయినవారు నలుగురిలో చులకన అవుతామని రోజుల తరబడి దాచుకొంటారు. ఈలోగా సొమ్ము ఖాతాలు మారిపోతుంది. తెలిసిన గంటలోనే 1930కి ఫోను చేస్తే, మోసగాడి ఖాతాలో ఇంకా మిగిలి ఉన్న మొత్తాన్ని బ్యాంకు నిలిపివేసే అవకాశం ఉంటుంది. లావాదేవీ సంఖ్య, తేదీ, వచ్చిన సందేశాలు చెరపకుండా దగ్గర ఉంచుకోవాలి.